పాత ల్యాప్‌టాప్‌లో ల్యాన్ పోర్టు పనిచేయడం లేదు, మదర్‌బోర్డు మార్చాల్సిందేనా?

కాకినాడ నుంచి (ప్రశ్న):
నమస్కారం అండి. మావారు 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఇప్పుడు మా అమ్మాయి వాడుతోంది. ఈఏపీసెట్ మాక్ టెస్టులన్నీ దాని మీదే రాస్తుంది. వెనక గదిలోకి వైఫై అందక రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాగించాం. పది రోజులుగా ఆ వైరు పెడితే పోర్టు పక్కన లైటు వెలుగుతుంది, ఆరిపోతుంది, మళ్ళీ వెలుగుతుంది. స్క్రీన్ మీద మాత్రం కేబుల్ పెట్టలేదనే వస్తోంది. షాపులో చూపిస్తే పోర్టు పోయింది, మదర్‌బోర్డు మార్చాలి, 8 వేలు అవుతుందన్నారు. పరీక్షలు దగ్గర పడ్డాయి. వేరే దారేమైనా ఉందా?

వరంగల్ నుంచి:
అక్కా, తొందరపడి బోర్డు మార్పించకండి. కాలేజీ ల్యాబులో ఇట్లాంటివి చాలా చూశాను. అదే వైరు ఇంకో ల్యాప్‌టాప్‌కి పెడితే నెట్ వస్తుందా? ఈమధ్య మీ వైపు పిడుగులేమైనా పడ్డాయా?

కాకినాడ నుంచి:
వైరు మంచిదే. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి పెట్టగానే వచ్చింది. పిడుగులేం లేవండి, ఎండలే.

వరంగల్ నుంచి:
అయితే ఆశ ఉంది. పిడుగుపాటుకు చిప్పు కాలితే చాలాసార్లు లైటే రాదు. మీ దాంట్లో వెలిగి ఆరుతోందంటే రౌటర్‌తో కలవబోయి మధ్యలో తెగిపోతోందన్నమాట.

ల్యాన్ వైరులో 8 తీగలు, అంటే 4 జతలు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్పీడుకి నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నులు, అంటే రెండు జతలు చాలు. ఎంత స్పీడులో నడవాలో రెండు వైపులా తేల్చుకునేది కూడా ఆ రెండు జతల మీదే. అవి బాగుంటే గిగాబిట్‌కి ఒప్పందం కుదిరిపోతుంది, తీరా మొదలుపెడితే మిగతా జత అందక లింకు పడిపోతుంది. మళ్ళీ మొదటికి.

ఒకసారి ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జరూ బ్యాటరీ తీసి, సెల్‌ఫోన్ టార్చి వేసి పోర్టు లోపల చూడండి. పిన్నులన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా?

కాకినాడ నుంచి:
చూశానండి. ఏడు పిన్నులు వరసగా మెరుస్తున్నాయి, ఒక చివర ఉన్నది మాత్రం లోపలికి అణిగిపోయింది. గట్టిగా అడిగితే మా చిన్నాడు చెప్పాడు, పాత ల్యాండ్‌లైన్ ఫోన్ వైరు అందులో పెట్టి చూశాడట.

వరంగల్ నుంచి:
దొరికింది! ఫోన్ వైరు కొస సన్నగా ఉంటుంది, ల్యాన్ పోర్టులోకి సులువుగా దూరిపోతుంది. కానీ దాని పక్క అంచులు చివరి పిన్నులను నొక్కేస్తాయి. సూదితో పైకి లాగకండి, పాత స్ప్రింగు, విరిగిందంటే ఇక అంతే.

ముందు ఇది చేయండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరిచి, ల్యాన్ కార్డు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళండి. అక్కడ స్పీడ్ అండ్ డూప్లెక్స్ దగ్గర ఆటో తీసేసి 100 ఎంబీపీఎస్ ఫుల్ డూప్లెక్స్ (డేటా రెండు వైపులా ఒకేసారి నడిచేది) పెట్టండి. లింకు వచ్చాక నెట్ మరీ నత్తనడక నడిస్తే హాఫ్ డూప్లెక్స్ (ఒకసారి ఒక వైపే నడిచేది) పెట్టి చూడండి, కొన్ని రౌటర్లు అటువైపు హాఫ్‌కి దిగిపోతాయి. అణిగింది 8వ పిన్ను అయితే ఇది పనిచేస్తుంది. 1వది అయితే చేయదు.

విశాఖ నుంచి:
దీనికి 8 వేలు మాత్రం పెట్టకండమ్మా. ఏదీ కుదరకపోతే యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్ కొనండి, ఖర్చు అందులో చిన్న వంతే. గిగాబిట్ అడాప్టర్ అయితే పూర్తి స్పీడు రావాలంటే యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టాలి, లోపల నీలం రంగు ఉంటే సాధారణంగా అదే. మీ ప్లాన్ 100 లోపైతే 100 అడాప్టరే సరిపోతుంది. మన సముద్రగాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము కూడా పడుతుంది, అదేమైనా కనబడిందా?

కాకినాడ నుంచి:
చిలుము లేదు బాబాయ్ గారూ. వరంగల్ తమ్ముడు చెప్పినట్టే ఫుల్ డూప్లెక్స్ పెట్టాను, లైటు నిలబడింది! మా ప్లాన్ 40 ఎంబీపీఎస్, స్పీడ్ టెస్టులో 38 వచ్చింది. అమ్మాయి ఇప్పుడే మూడు గంటల మాక్ టెస్టు మొత్తం రాసింది, ఒక్కసారి కూడా తెగలేదు. పరీక్షలయ్యేదాకా ఆ వైరు ఎవరూ కదపకుండా టేబుల్ కాలికి టేపు వేసి ఉంచాను. అడాప్టర్ కూడా ఒకటి తెప్పించి పక్కన పెట్టుకుంటాను.