అప్‌డేట్: శ్రీశైలం పాదయాత్రలో మన్ననూరు దాటాక అడవి నడక

శివరాత్రికి శ్రీశైలం నడిచి పోతున్నాం, మన్ననూరు దాటాక అడవిలో రోజంతా నడవాలంటే బ్యాగు ఎంత బరువుండాలి, బొబ్బలకు ఏం చేయాలి అని ఇక్కడ అడిగాను కదా. క్షేమంగా వెళ్లొచ్చాం. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్.

ముందు కాళ్ల సంగతి. బొబ్బ లేచే ముందే చర్మం చురుక్కుమంటుంది, అప్పుడే ఆగాలని ఒక అక్క రాశారు. అదే మమ్మల్ని కాపాడింది. మడమ కాస్త మండగానే తమ్ముడు రోడ్డు పక్కన కూర్చుని సాక్స్ విప్పాడు. అరికాలు చెమటకు తెల్లగా నానిపోయింది. తుడిచి, ఆరబెట్టి, ఎర్రబడ్డ చోట టేపు మడత పడకుండా అంటించి, పొడి సాక్స్ వేశాం. బొబ్బ లేవలేదు.

బ్యాగులో దుప్పటి, ఒక జత బట్టలు, నీళ్లు, అటుకులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. అంతే. దారిలో అన్నదానం చేసేవాళ్లు ఉంటారు, తిండి మోయక్కర్లేదు.

మామూలుగా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి రోడ్డులో బండ్లను వదలరు. గేటు తీయగానే అన్నీ ఒక్కసారే వస్తాయి. ఆ రద్దీ పోయేదాకా ఆగి బయల్దేరాం. ఆ కాలానికి నల్లమలలో చెట్లు ఆకు రాల్చేస్తాయి, అడవి అన్న పేరే గానీ నీడ తక్కువ. మధ్యాహ్నం తారు కాలుతుంది, ఆ టైంలో నడవకండి. కోతులకు కవర్ కనపడనీయకండి.

వచ్చే ఏడు అమ్మ కూడా వస్తానంటోంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో నడిచినవాళ్లుంటే, ఈగలపెంట తర్వాత ఘాట్ దిగేటప్పుడు ఏం చేశారో చెప్పండి.