‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగంతో ఆగిపోవాల్సిందా?

పుస్తకాల పురుగు: అయిపోకూడదనిపించే పుస్తకం ఏదంటే నా ఓటు ఈ హాస్య నవలకే, అదీ మొదటి భాగానికే. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు 1924లో తెచ్చారు. మిగతా రెండు భాగాలు రావడానికి దశాబ్దాలు పట్టింది. అవి రాకపోయినా నష్టమేమీ లేదంటాను. మొగల్తూరు కుర్రాడు పార్వతీశం బారిస్టరు చదువుకని సీమకి బయల్దేరి, ఆడవాళ్ళ టోపీ అని తెలియక కొనేసి, దాన్ని దర్జాగా పెట్టుకు తిరుగుతాడు. ఆ తెలియనితనమే కదా నవ్వంతా! ఎడింబరోలో కుదురుకుని నాలుగూ తెలిశాక ఇంక అతన్ని చూసి ఏం నవ్వుతాం?

కాలవగట్టు: నేను ఒప్పుకోనండీ. కథ చెప్పేది ఎవరు? పార్వతీశమే, ‘నేను’ అంటూ. టోపీ ఎవరిదో తెలిసిపోయాక, తన మీద తనే నవ్వుకుంటూ చెబుతున్నాడు. అంటే ఆ తెలివైన పెద్దమనిషి మొదటి పేజీ నుంచీ మన ఎదుటే ఉన్నాడు. ఈ కుర్రాడు ఆ మనిషి ఎలా అయ్యాడో తెలుసుకోవాలని మీకు అనిపించలేదా? మిగతా భాగాల్లో ఉన్నది అదే. మూడోదాంట్లో స్వాతంత్ర్యోద్యమం కూడా వస్తుంది.

సెకండ్ హ్యాండ్: మా ఇంట్లో మొదటి భాగం ఒక్కటే ఉండేది, అట్ట కూడా లేకుండా. పుస్తకం అంతేననుకుని పెరిగాను. లోటేమీ అనిపించలేదు. అయిపోగానే మళ్ళీ మొగల్తూరు నుంచి మొదలుపెట్టేవాణ్ణి.

పుస్తకాల పురుగు: @కాలవగట్టు గారూ, చెప్పేవాడు పెద్దయ్యాడన్న మాట నిజమే, పాయింటు బాగుంది. కానీ ఆ పెద్దరికం మాటతీరులోనే తెలిసిపోతోందిగా, దానికి ఇంకో రెండు సంపుటాలెందుకు? పైగా రాసిన చెయ్యి కూడా అప్పటికి పెద్దదైంది. మొదటి భాగంలో ప్రతి స్టేషన్లో ఒక తంటా. తర్వాత వాక్యం నెమ్మదిస్తుంది, మంచి చెడ్డల మాటలు ఎక్కువవుతాయి.

కాలవగట్టు: నెమ్మదిస్తే తప్పేమిటి? మీకు అయిపోకూడనిది నవ్వు. నాకు అయిపోకూడనిది ఆ మనిషి.

సెకండ్ హ్యాండ్: ఇంతకీ మూడో భాగం చివరిదాకా చదివినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? ముందు వాళ్ళు చేతులెత్తండి, మిగతా గొడవ తర్వాత పడదాం.