మొదటి వారం ఊపు మూడో వారానికి ఉండటం లేదు. బరువు తగ్గాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. రెండో కాన్పు తరువాత పెరిగిన బరువు మళ్లీ దిగలేదు. డైట్ చార్టులు నా ఫోనులో కావలసినన్ని ఉన్నాయి, దయచేసి ఇంకొకటి పంపకండి. నా ఇబ్బంది వేరు.

మొదలుపెట్టడం నాకు బాగా వచ్చు. ఎప్పుడూ సోమవారమే. ఆ వారం రాత్రిళ్లు చపాతీ, సాయంత్రం గంట నడక, తీపి ముట్టుకోను. బరువు కూడా చకచకా తగ్గుతుంది. తరువాతి వారం ముల్లు కదలదు. ఈలోగా ఒక పేరంటమో, రెండు రోజుల ముసురో వస్తుంది. ఒక్కరోజు తప్పిందంటే అంతా పోయిందనిపించి ఆ రాత్రి మామూలు కంటే ఎక్కువే తింటాను.

మాది ఉమ్మడి కుటుంబం. వండేది నేనే అయినా ఏం వండాలో చెప్పేది అత్తయ్యగారు. మావారికి రొయ్యల చెరువులున్నాయి. చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు చూసుకుని ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది, ఆయనతోపాటే నా భోజనం. కాలువ గట్టు మీద నడుద్దామంటే పది అడుగులకొకరు "ఎక్కడికండీ, అంతా కులాసాయేనా" అని ఆపుతారు. బరువు తగ్గడానికి నడుస్తున్నానని చెప్పాలంటే సిగ్గు.

పట్టుదల నిలవడానికి మీరేం చేశారో చెప్పండి.

జవాబు: రాజోలు నుంచి, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

అమ్మా, పట్టుదల సంగతి కాస్త పక్కన పెట్టండి. చాలా ఏళ్లు బడి మైదానంలో పిల్లలను చూశాను. మొదటి రోజు అందరికంటే ఎక్కువ చుట్లు తిరిగినవాడు నాలుగో రోజు కాళ్లు నొప్పులని చెట్టు కింద కూర్చునేవాడు. అలవాటు లేని ఒంటికి మొదటి రోజే గంట నడక ఎక్కువ. పది నిమిషాలు చాలు. నవ్వకండి, పది నిమిషాలే. ఇంకా నడవాలనిపించినా మొదటి రెండు వారాలు పది నిమిషాలకే ఇంటికి వచ్చేయండి.

సాయంత్రం కాకుండా పొద్దున్న పెట్టుకోండి. సాయంత్రానికి ఇంటికి చుట్టాలు వస్తారు, పిల్లలకు హోంవర్క్ ఉంటుంది, కరెంటు పోతుంది. పొద్దున్న పాలు కాచి దించగానే గుమ్మం దాటాలి. గడియారం చూసి కాదు, పాలు దించాక. రోజూ చేసే ఒక పనికి దీన్ని ముడివేస్తే "ఈరోజు వెళ్లాలా వద్దా" అనే ప్రశ్నే రాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలపాటు గమనించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్కకట్టారు. మీకు ముఖ్యమైన మాట ఒకటి అందులోనే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం దెబ్బతినలేదు. కాబట్టి ఒక రోజు తప్పితే పోయింది ఆ ఒక్క రోజే. మర్నాడు పాలు దించాక మళ్లీ గుమ్మం దాటండి.

పలకరింపుల సంగతి అంటారా, మన వైపు వాటిని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. "డాక్టరు గారు నడవమన్నారండీ" అని నడుస్తూనే చెప్పండి. వారం తిరిగేసరికి అడిగేవాళ్లకే విసుగొస్తుంది. వాళ్లలో ఒకరు తోడు వస్తామన్నా ఆశ్చర్యం లేదు. అలా వస్తే వదులుకోకండి, ఎదుటి మనిషి గట్టు మీద నిలబడి ఎదురుచూస్తుంటే ఇంట్లో ముసుగుతన్ని పడుకోలేం.

వానాకాలంలో తెల్లవారకుండా గట్టు మీదకు వద్దు. జారుడు ఒకటి, పాములు ఒకటి. ముసురు పట్టిన రోజు వసారాలో అటూ ఇటూ తిరిగినా పది నిమిషాలు పది నిమిషాలే.

జవాబు: భీమవరం నుంచి ఒక యువకుడు

అన్నం మొత్తం మానేయండి అక్కా. కీటో, అంటే పిండిపదార్థాలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి, మొదలుపెట్టండి, నెలలో తేడా మీకే తెలుస్తుంది. నాకు తెలిసింది. ఈ పది నిమిషాల నడకలతో పని జరగదు.

జవాబు: తణుకు నుంచి, బ్యాంకు ఉద్యోగిని

తమ్ముడూ, గోదావరి జిల్లాలో ఉమ్మడి కుటుంబంలో కోడలు అన్నం మానేస్తే ఇంట్లో పంచాయితీ జరుగుతుంది. బరువు సంగతి తరువాత. ఆమె అడిగింది రోజూ నిలబడే పద్ధతి.

అక్కా, నేను వంటింటి గురించే చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే. మొదటి మాట, మీకోసం వేరే వంట వండుకోకండి. ఇంట్లో వాళ్లు చేపల పులుసుతో తింటుంటే మీరు మూలన కూర్చుని ఓట్స్ తినే పథకం వారం కంటే ఎక్కువ నడవదు. రెండోది, చపాతీ మందేమీ కాదు. చెంచా నూనెతో కాల్చిన మూడు చపాతీలు కప్పు అన్నం కంటే తేలిక కావు. చూడవలసింది కొలత. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 130 కేలరీలు. మన కంచాల్లో గుట్టలా వడ్డిస్తే ఎన్ని వందల గ్రాములు పడుతుందో ఒకసారి తూచి చూడండి. అప్పటి నుంచి ఒక గిన్నె పెట్టుకుని దానితోనే వడ్డించుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన భోజనంలో అన్నం వాటా ఎంతో మీకే తెలుసు.

కంచంలో ముందు కూర, పప్పు వేసుకుని సగం తిన్నాక అన్నం పెట్టుకోండి. ఆకలి మొదటి దెబ్బ కూర మీద పడుతుంది. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర మన పెరళ్లలోనే ఉంటాయి. అత్తయ్యగారితో వాదించకుండా ఆవిడనే అడగండి: "అత్తయ్యా, మీరు ఆనపకాయలో పాలుపోసి వండేవారు కదా, రేపు అది చేద్దామా?" పాతకాలం కూరల్లో నూనె తక్కువే. వంట పెత్తనం ఆవిడ దగ్గరే ఉంటుంది, నూనె తగ్గుతుంది. చేపలు, రొయ్యలు మానవద్దు, మంచి మాంసకృత్తులు అవి. వేపుడు బదులు పులుసు, ఇగురు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. మీ బరువుకు అరగంట చురుకైన నడకలో ఖర్చయ్యేది కాస్త అటూ ఇటూగా అంతే. నెల నూనె మనిషికి అర లీటరు చొప్పున విడిగా పోసి పెట్టుకుంటే ఎక్కడ కారిపోతోందో కనిపిస్తుంది.

రాత్రి భోజనం ఏడున్నరకు పిల్లలతో చేసేయండి. మీవారు వచ్చాక ఆయన ఎదురుగా పల్చటి మజ్జిగ గ్లాసుతో కూర్చోండి. ఆయనకు కావలసింది మీరు పక్కన ఉండటం, మీ కంచం కాదు. ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే "ఏమైంది, కోపమా" అంటారు.

ఇక పేరంటాలు. మన దగ్గర "వద్దండీ" అంటే మొహమాటం అనుకుని ఇంకో రెండు వేస్తారు. అందుకని వడ్డనకు ముందే మీరే అడగండి: "వదినా, నాకు ఒక బూరె చాలు, ఆ పప్పు ఇంకాస్త వేయి." అడిగి పెట్టించుకున్నారని వాళ్లకు సంతోషం, ఒక్క బూరెతో మీకు లెక్క సరిపోతుంది. నేను దీన్ని ఎన్నో పెళ్లిళ్లలో వాడాను, ఎవరూ నొచ్చుకోలేదు.

జవాబు: అమలాపురం నుంచి, వైద్యురాలు

మీరు రాసిన కొలతల ప్రకారం మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా లేదా చూపే లెక్క) 32 దాటింది. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. కంగారు పడమని చెప్పడం లేదు. మొదలుపెట్టే ముందు బీపీ, రక్తంలో చక్కెర, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకోండి. మధుమేహానికి గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో ఇన్సులినో వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కీటో సలహా చదివినవారికి కూడా ఒక మాట. ఎస్‌జీఎల్‌టీ2 రకం మధుమేహ మందులు (చక్కెరను మూత్రంలో బయటికి పంపేవి) వాడేవారు కీటో చేస్తే కీటోఅసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే ముప్పు ఉంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. రెండో వారంలో మీకు నిరుత్సాహం ఎందుకు వస్తోందో మీరే రాశారు: ముల్లు కదలదు. దానికి కారణం ఉంది. తిండి తగ్గించిన మొదటి రోజుల్లో కాలేయం, కండరాల్లో ఉన్న గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే చక్కెర, ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది పోగానే నీరూ పోతుంది. రెండు కిలోలు తగ్గామని సంబరపడతాం, అందులో కొవ్వు కొంచెమే. తరువాత అసలు కొవ్వు కరగడం మొదలయ్యేసరికి వేగం వారానికి అర కిలోకు పడిపోతుంది. అంటే మీరు వదిలేస్తున్నది సరిగ్గా పని జరుగుతున్న వారంలోనే.

అందుకని వారానికి ఒకసారే, ఒకే రోజు, పరగడుపున తూచుకోండి. నెలసరి ముందు, ఆవకాయ, ఎండుచేపలు గట్టిగా తిన్న మర్నాడు నీరు నిలిచి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని పట్టించుకోవద్దు. కుట్టుపని టేపుతో నడుము కొలత రాసుకోండి, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. మొదటి లక్ష్యంగా 4 కిలోలు పెట్టుకోండి. అది మీ బరువులో సుమారు 5 శాతం, బీపీ, చక్కెర విషయంలో తేడా కనిపించడానికి అంత తగ్గినా చాలు.

మాస్టారు చెప్పిన పది నిమిషాలతో నాకు పేచీ లేదు. మెల్లగా పెంచుతూ వారానికి 150 నిమిషాలకు చేరాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అదే. దానితోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకీ వెనక్కీ తోయడం. చీరలోనూ చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పరీక్షలు చేయించాను, థైరాయిడ్ బాగానే ఉంది, బీపీ కాస్త ఎక్కువ ఉందన్నారు. ఉప్పు, పచ్చళ్లు తగ్గించమన్నారు. మాస్టారూ, పాలు దించాక వెళ్తున్నాను. లాకుల దాకా వెళ్లి వెనక్కి వస్తే పది నిమిషాలు. ఇంకా నడవాలనిపిస్తోంది, ఆపుకోవడం కష్టంగా ఉంది. మా తోడికోడలు కూడా వస్తానంటోంది. పాలుపోసిన కూర విషయంలో అత్తయ్యగారు నన్ను పక్కకు తప్పుకోమని తానే వండారు!

ఇప్పుడు భయమల్లా శ్రావణం. శుక్రవారాలు, మంగళవారాలు ఎవరో ఒకరి ఇంట్లో వాయనాలు. నెలాఖరున అంబాజీపేటలో మా పిన్ని కూతురి పెళ్లి, మూడు రోజులు అక్కడే. అప్పటిదాకా పెంచుకున్నది అక్కడ పోతుందేమో.

జవాబు: తణుకు నుంచి, బ్యాంకు ఉద్యోగిని

శ్రావణం మీకు శత్రువేమీ కాదు. వాయనంలో వచ్చేవి నానబెట్టిన శనగలే కదా! అందరూ వాటిని ఏం చేయాలో తెలియక వడలు వేస్తారు. మీరు ఉడికించి, ఆవాలు, కరివేపాకు తాలింపుతో గుగ్గిళ్లు చేసుకోండి. సాయంత్రం జంతికల డబ్బా జోలికి వెళ్లకుండా కడుపు నిలుపుతాయి. ఎక్కువ వస్తే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టండి.

పెళ్లిలో మూడు రోజులూ తగ్గాలని చూడకండి, ఉన్న బరువు ఉంటే గెలిచినట్టే. ఒక పూట విందు భోజనం ఇష్టంగా తినండి, మిగతా పూటల్లో గిన్నె కొలత. పెళ్లివారింట్లో లెక్కకు రాకుండా కడుపులోకి వెళ్లేవి కాఫీలు, కూల్‌డ్రింకులు. వాటి బదులు కొబ్బరినీళ్లు అడగండి. అంబాజీపేటలో కొబ్బరిబోండాలకు కరువా!

జవాబు: రాజోలు మాస్టారు

పెళ్లింట్లో కూడా పొద్దున్న పది నిమిషాలు మానకండి. అక్కడ మీరు పాలు కాచరు కాబట్టి, కాఫీ గ్లాసు కింద పెట్టగానే. ఇంట్లో ఆపుకోవడం కష్టంగా ఉందన్నారు కదా, రెండు వారాలు దాటితే ఇక పదిహేను చేయండి.

ప్రశ్న: నరసాపురం నుంచి మరొకరు

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. వారానికోసారి వేసుకునే బరువు తగ్గే సూదులు ఉన్నాయట కదా, ఈ బాధలన్నీ లేకుండా అవి వాడకూడదా?

జవాబు: అమలాపురం నుంచి, వైద్యురాలు

అవి డాక్టరు చూసి రాసి, వెంట ఉండి గమనించవలసిన మందులు. కొందరికి అవసరం, బాగా పనిచేస్తాయి కూడా. వికారం, వాంతులు, మలబద్ధకం వంటివి ఉంటాయి. ఆపేశాక బరువు తిరిగి రావడం మామూలే. సూది వేసుకున్నా తిండి, నడక తప్పవు. స్నేహితుల ద్వారా తెప్పించుకుని మాత్రం వాడకండి.

ప్రశ్న అడిగినవారు

ఒక్క చిన్న సందేహం. హవాయి చెప్పులతో నడుస్తున్నాను, సాయంత్రానికి మడమ నొప్పి. చీర కట్టుకుని బూట్లు వేసుకుంటే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.

జవాబు: రాజోలు మాస్టారు

బాగుండటం సంగతి గట్టు మీద వాళ్లకు వదిలేయండమ్మా. హవాయి చెప్పులు వేళ్లతో పట్టుకుని నడవాల్సి వస్తుంది, మడమకు ఆసరా ఉండదు. బూట్లకు మొహమాటమైతే వెనక పట్టీ ఉండి, అడుగు మెత్తగా ఉన్న శాండిల్స్ తీసుకోండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. వానకు తడిస్తే ఎండలో పెట్టకుండా పాత వార్తాపత్రికలు కుక్కి ఫ్యాను కింద ఉంచండి, తెల్లారేసరికి ఆరతాయి. నొప్పి రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టరమ్మగారిని అడగాలి, నన్ను కాదు.