అప్‌డేట్: వాయిదా పడ్డ ఇంగ్లాండ్ టూర్, చెన్నైలో చూడొచ్చా అని అడిగాను కదా

2020 సెప్టెంబర్‌లో రావాల్సిన ఇంగ్లాండ్ జట్టు కరోనా వల్ల 2021 మొదట్లో వస్తుందన్నప్పుడు, నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి చూసే వీలుంటుందా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. నాన్నా నేనూ చెన్నై చెపాక్ స్టేడియంలో రెండో టెస్ట్ చూసి వచ్చాం.

"మొదటి టెస్ట్ మీద ఆశ వద్దు, రెండోదానికి కాచుకోండి" అన్న సలహానే పనికొచ్చింది. ఫిబ్రవరి 5న మొదలైనదానికి జనాన్ని రానివ్వలేదు. 13న మొదలైనదానికి సగం సీట్ల వరకు అనుమతించారు, మాస్కు తప్పనిసరి. టికెట్ ఆన్‌లైన్‌లో కొన్నాం కాబట్టి కౌంటర్ దగ్గర తెల్లారుజామునే నిలబడే పని పడలేదు. కరోనా టైంలో వేరే రాష్ట్రానికి వెళ్లడానికి తీసుకునే ఈ-పాస్ గురించి నాకున్న టెన్షన్ కూడా అక్కర్లేకపోయింది, సరిహద్దులో ఉన్న తడ దాటాక మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మేం వెళ్లింది మూడో రోజు. సొంతూళ్లో అశ్విన్ సెంచరీ! చివరి వికెట్‌కి మన హైదరాబాద్ సిరాజ్ తోడుగా నిలబడ్డాడు, ఇద్దరూ 49 పరుగులు కలిపారు. అశ్విన్ వంద కొట్టగానే అతనికంటే ఎక్కువ సిరాజే ఎగిరాడు. స్టేడియం సగమే నిండినా ఆ అరుపులకి నాన్న మాట నాకు వినబడలేదు. ఇండియా 317 పరుగుల తేడాతో గెలిచింది.

అసలు వాయిదా పడ్డవి వన్డేలు, టీ20లే. వాటి కోసం వెతికేవాళ్లకి: టీ20లు అహ్మదాబాద్‌లో జరిగాయి, చివరి మూడింటికి ప్రేక్షకుల్లేరు. పుణె వన్డేలకి అసలే రానివ్వలేదు.