చర్చ: వెంటిలేటర్ మీదున్న మనిషికి ఆక్సిజన్ 90 ఉంటే చాలునా?

అలిపిరి నివాసి (చర్చ ప్రారంభం):
మా పెదనాన్న న్యుమోనియాతో తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. మొన్న రాత్రి మానిటరు మీద, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే అంకె 97 నుంచి 91కి దిగింది. నర్సే యంత్రం పంపే గాలిలో ఆక్సిజన్ శాతాన్ని 60 నుంచి 45కి తగ్గించిందని తెలిసి మా వాళ్లు గొడవకు దిగారు. డ్యూటీ డాక్టరు మాత్రం, ఇప్పుడు 90 దగ్గర ఉన్నా ఫరవాలేదని పరిశోధనలు చెబుతున్నాయని అన్నారు. ఇంటికొచ్చి వెతికితే, బ్రిటన్‌లోని 97 ఐసీయూలలో 16,500 మంది వెంటిలేటర్ రోగులతో జరిపిన యూకే-రాక్స్ అధ్యయనం కనబడింది. 2025లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, 90ని లక్ష్యంగా పెట్టుకున్న వారిలో 90 రోజుల్లోగా 35.4 శాతం మంది, మామూలు పద్ధతిలో 34.9 శాతం మంది చనిపోయారు. లాభం లేనప్పుడు తగ్గించడం దేనికి?

రాత్రి డ్యూటీ:
నేను ఐసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను, అది మీ ఆసుపత్రి కాదు. ఆక్సిజన్ కూడా మందే కనుక దానికీ మోతాదు ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం నత్రజనే, అది రక్తంలోకి పెద్దగా పోకుండా వాయుగోణుల్లో (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల్లో) నిలిచి వాటిని తెరిచి ఉంచుతుంది. ఆక్సిజన్ శాతం బాగా పెంచితే ఆ నత్రజని స్థానంలోకి వచ్చిన ఆక్సిజన్ రక్తంలోకి వెళ్లిపోయి, కొన్ని వాయుగోణులు ముడుచుకుపోతాయి. ఇటలీలో 434 మందితో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. అందులో ఆక్సిజన్‌ను అదుపులో ఉంచిన వారిలో 11.6 శాతం మంది, ధారాళంగా ఇచ్చిన వారిలో 20.2 శాతం మంది ఐసీయూలోనే చనిపోయారు.

చిత్తూరు లెక్కల మాస్టారు:
అమ్మా, ఇటలీ అధ్యయనాన్ని అనుకున్న సంఖ్య చేరకముందే ఆపేశారన్న మాట మీరు చెప్పలేదు. మధ్యలో ఆపిన లెక్కల్లో తేడా ఉన్నదానికంటే పెద్దదిగా కనబడే అవకాశం ఉంటుంది. ఇక 35.4 అన్నది 34.9 కంటే ఎక్కువా తక్కువా? దీనికి ఎవరైనా సూటిగా జవాబు చెప్పండి.

కొర్లగుంట:
ఎక్కువే మాస్టారూ, కానీ ఆ అర శాతం యాదృచ్ఛికంగా వచ్చేటంత చిన్నది.

చిత్తూరు లెక్కల మాస్టారు:
చిన్నదే అయినా ఎక్కువే అని ఒప్పుకున్నందుకు సంతోషం.

పలమనేరు:
2021 మేలో ఆక్సిజన్ సిలిండరు కోసం నేను మూడు జిల్లాలు తిరిగాను. ఆ నెల 10వ తేదీ రాత్రి తిరుపతిలో సరఫరా తగ్గి కోవిడ్ రోగులు ప్రాణాలు వదిలిన సంగతి ఇక్కడెవరికీ చెప్పనక్కరలేదు. అప్పుడు ప్రాణవాయువు, ఇప్పుడు తక్కువైతేనే మేలు! ఇది ఖర్చు తగ్గించుకోవడానికి పుట్టిన సిద్ధాంతమని నా అనుమానం.

రాత్రి డ్యూటీ:
అన్నా, నాకు తెలిసిన బిల్లుల్లో ఆక్సిజన్‌ను గంటల లెక్కన వేస్తారు, శాతం లెక్కన కాదు. కొరతలో అందకపోవడం, చాలినంత ఇచ్చి అక్కడ ఆపడం ఒకటి కావు. ఏళ్ల తరబడి బీడీలు తాగి సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) వచ్చిన తాతకు 99 వచ్చేదాకా మాస్కు పెడితే, ఆయన రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి జారిపోవచ్చు. అలాంటి వారికి 88 నుంచి 92 చాలని చాలాకాలంగా పాటిస్తున్నదే.

చిత్తూరు లెక్కల మాస్టారు:
సీఓపీడీ సంగతి వేరు, దాన్ని అడ్డుపెట్టుకోకండి. తీవ్రమైన ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి రక్తానికి ఆక్సిజన్ అందని స్థితి) రోగులతో ఫ్రాన్స్‌లో చేసిన లోకో-2 అధ్యయనం 2020లో వచ్చింది. 205 మందిని చేర్చుకున్నాక దాన్ని ఆపేశారు. తక్కువ ఆక్సిజన్ ఇచ్చిన వారిలో 90 రోజులకు 44.4 శాతం మంది, రెండో వైపు 30.4 శాతం మంది చనిపోయారు. తక్కువ ఇచ్చిన వైపే అయిదుగురికి పేగులకు రక్తప్రసరణ ఆగింది. ఇంకో మాట. ఆక్సిమీటరు వేలి గుండా రెండు రకాల కాంతిని పంపి అంకె చెబుతుంది, చర్మం రంగు దాన్ని తప్పుదోవ పట్టించగలదు. 2020లో అమెరికాలో పోల్చి చూస్తే, పరికరం 92 నుంచి 96 మధ్య చూపుతున్నప్పుడే ధమని రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. మన ఒంటి రంగు చూసుకుని 90ని నమ్మండి.

రాత్రి డ్యూటీ:
లోకో-2 కూడా మధ్యలో ఆపినదే. ఇటలీది పనికిరాకపోతే ఇది ఎలా పనికొచ్చింది మాస్టారూ? రాత్రి పన్నెండు మంచాలకు ముగ్గురం ఉంటాం. అంకె ఒకటి తగ్గితే చాలు, బంధువులు మా మీదికి వస్తారు. వారిని శాంతపరచడానికి ఆక్సిజన్ పెంచిన రాత్రులు నాకూ ఉన్నాయి, అది వైద్యం కాదని తెలిసి కూడా పెంచాను.

పలమనేరు:
మీదికి వచ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ని. మా నాన్న చివరి రాత్రి అంకె 88 ఉంది. యంత్రం దగ్గరున్న అబ్బాయిని ఎందుకు తగ్గించారని మూడు సార్లు అడిగాను, తలెత్తలేదు. అయిదేళ్లుగా నన్ను తొలుస్తున్నది ఆ 88 కాదు. తగ్గించింది ఎవరు, ఏమనుకుని తగ్గించారు, నాకు ఎందుకు చెప్పలేదు? తెలిసి చేశారో, సిలిండరు అయిపోవస్తోందని చేశారో, నాకు ఇప్పటికీ తెలియదు. మీ అధ్యయనాలన్నీ నిజమే కావచ్చు, కానీ ఆ మాట వాకిలి బయట నిలబడ్డవాడికి చెప్పేదెవరు?

రాత్రి డ్యూటీ:
దీనికి నా దగ్గర జవాబు లేదన్నా. మా దగ్గర కూడా లక్ష్యం ఎంతో చార్టులో ఉంటుంది, చార్టు లోపలే ఉంటుంది.

చిత్తూరు లెక్కల మాస్టారు:
అదంతా సరే, మీ పెదనాన్నకు ధమని రక్తం తీసి ఆక్సిమీటరుతో పోల్చారా లేదా?

అలిపిరి నివాసి:
నిన్న నేనే అడిగాను, ఈ ఉదయం తీశారు. అదే సమయానికి ఆక్సిమీటరు 92 చూపింది, ధమని రక్తంలో 89 వచ్చింది. నర్సు నన్ను లోపలికి పిలిచి రెండు అంకెలూ చూపించి, డాక్టరును ఫోనులో అడిగి, నా ఎదుటే 45ను 50 చేసింది.