టిచ్‌బోర్న్ పద్యంలో ఆ పాదం: ‘ఇప్పుడు’ రెండుసార్లా, రెండోది ‘ఇప్పుడే’నా?

పాతపుస్తకాల పురుగు: ఉరికంబం ఎక్కబోతూ ఒక ఇంగ్లీషు కుర్రాడు రాసిన పద్యం ఉంది కదా, ప్రతి చరణం చివర ‘ఇప్పుడు బతికి ఉన్నాను, ఇప్పుడు నా బతుకు అయిపోయింది’ అని వస్తుంది. మా లెక్చరర్ దాన్ని తెలుగులో చెప్పేటప్పుడు రెండోసారి ‘ఇప్పుడే’ అన్నట్టు గుర్తు. మూలంలో రెండుచోట్లా ‘నౌ’ ఒక్కటే. ఆ ఏకారం ఉండాలా, అక్కర్లేదా? రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

నెల్లూరు మాస్టారు: చిడియాక్ టిచ్‌బోర్న్. 1586 సెప్టెంబరు 20న చంపారు. మొదటి ఎలిజబెత్‌ను హతమార్చి స్కాట్ల రాణి మేరీని గద్దెనెక్కించాలన్న బాబింగ్టన్ కుట్రలో దొరికాడు. పద్యం లండన్ టవర్ చెరలో ఉండి భార్య ఆగ్నెస్‌కు రాసిన ఉత్తరంలోది. మూడు చరణాలు, దాదాపు అన్నీ ఒక్క అక్షరం పలికే మాటలే. పొన్నెగంటి తెలగన్న సంస్కృతం ముట్టుకోకుండా రాసినట్టు ఇతను లాటిన్ ముట్టుకోలేదు. ఏకారం పెడితే ఆ బిగువు పోతుంది.

కృష్ణ ఒడ్డున: మాస్టారూ, చిన్న సవరణ. ఫీస్ట్, జాయ్, పెయిన్, వెయిన్ అన్నీ ఫ్రెంచి దారిన వచ్చిన లాటిన్ సరుకే. పొట్టి మాటలైనంత మాత్రాన అచ్చ ఇంగ్లీషు అయిపోవు. తెలగన్నను ఇందులోకి లాగకండి.

నెల్లూరు మాస్టారు: సరే, పొట్టి మాటలనే అందాం. చరణాల చివర తిరిగొచ్చే ఆ పాదం మకుటమనైనా ఒప్పుకుంటారా?

కృష్ణ ఒడ్డున: మకుటమంటే సంబోధన ఉండాలి కదండీ, వేమనకైనా ధూర్జటికైనా. ఇది పల్లవి. ధూర్జటి అనగానే గుర్తొచ్చింది, రాజుల కొలువు మీద అంత మంట ఉన్న కవి ఆ టవర్లో ఉండి ఉంటే భార్యకు ఇలా మెత్తగా రాసేవాడా? శివుణ్ణి నిలబెట్టి నాలుగు కడిగేసేవాడు.

లండన్ నుంచి: ఆ ఇంటి మిగతా కథ ఇంకా బాగుంటుంది. మేరీ కోసం చిడియాక్ పోయాడా, 1603లో ఎలిజబెత్ చనిపోగానే అదే వంశంలోని బెంజమిన్ టిచ్‌బోర్న్, అప్పుడు హాంప్‌షైర్ షెరీఫ్, పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా వించెస్టర్లో జేమ్స్‌ను రాజుగా చాటించేశాడు. జేమ్స్ ఎవరు? మేరీ కొడుకే! 1621లో బెంజమిన్‌కు బారొనెట్ బిరుదు దక్కింది. కుట్ర చేసి పోగొట్టుకున్న తల ఒకరిది, సరైన రోజున గొంతెత్తి సంపాదించిన బిరుదు ఇంకొకరిది. మధ్యలో 35 ఏళ్లు.

టైలర్ గారి అబ్బాయి: బారొనెట్ అంటే ప్రభువు కాదా?

లండన్ నుంచి: కాదు. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, పేరు ముందు ‘సర్’ ఉంటుంది, ప్రభువుల సభలో మాత్రం కుర్చీ లేదు. 1611లో జేమ్స్ మొదలుపెట్టినప్పుడు దీని ధర 1,095 పౌండ్లు, ఐర్లండులో 30 మంది సైనికుల్ని మూడేళ్లు పోషించే ఖర్చు. ఖజానా నింపుకోవడానికి తెచ్చిన బిరుదు, అంతకంటే ఏం లేదు.

గోదారి పిల్ల: ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్ల శాపం వీళ్లదే కదా? ఈ ఇంటి పాతకాలపు ఇల్లాలు లేడీ మాబెల్లా మంచాన పడి ఉండి, కాలుతున్న కట్టె ఆరేలోపు పాక్కుంటూ 23 ఎకరాలు చుట్టిందట, ఆ నేల మీద పండే గింజల పిండి ఏటా పేదలకు పంచాలని. ఆ పొలాన్ని ఇప్పటికీ ‘క్రాల్స్’ అనే అంటారు. పంచడం మానేస్తే ఒక తరంలో ఏడుగురు కొడుకులు, తర్వాతి తరంలో ఏడుగురు కూతుళ్లు పుట్టి, ఇల్లు కూలి పేరు అంతరిస్తుందని శపించింది. 1796లో పంపకం ఆపించారు, ఊరూరి సోమరులూ వచ్చి పడుతున్నారని. ఏడో బారొనెట్‌కు ఏడుగురు కొడుకులు, 1803లో ఇల్లు కొంత కూలింది, ఎనిమిదో ఆయనకు వరసగా ఏడుగురు ఆడపిల్లలు!

కృష్ణ ఒడ్డున: శాపం అంత ముందే ఉందా, ఆడపిల్లలు పుట్టాక అల్లారా అన్నది నా అనుమానం. పన్నెండో శతాబ్దపు ముసలమ్మ బారొనెట్ల వంశక్రమం చూసినట్టు మాట్లాడటం మరీ అమరింది.

గోదారి పిల్ల: అల్లినా బాగా అల్లారు కదా. పైగా కొడుకుల్లో ఒకాయన ఆస్తి కోసం డౌటీ అని ఇంటిపేరు మార్చుకున్నాడు, పేరు పోవడమన్నదీ కుదిరింది. భయపడి మళ్లీ పిండి పంచడం మొదలుపెట్టారు. ఇప్పటికీ మార్చి 25న పంచుతారు.

టైలర్ గారి అబ్బాయి: ఇదంతా సరే కానీ టిచ్‌బోర్న్‌లో ‘టిచ్’ అంటే ఏంటి? మా కొట్టులో ‘టిచ్ బటన్’ అంటాం, నొక్కితే పడేది. ఇంగ్లీషులో పొట్టివాణ్ణి ‘టిచ్’ అంటారని విన్నాను. చిన్న బటన్ కాబట్టి టిచ్ బటన్ అయి ఉంటుందా?

లండన్ నుంచి: ఆ టిచ్ ఈ ఇంటిదే! వారసుడు రోజర్ 1854లో బ్రెజిల్ తీరం దగ్గర ఓడతో మునిగాడు. తల్లి నమ్మలేదు, పేపర్లలో ప్రకటనలు వేయించింది. 1866లో ఆస్ట్రేలియాలోని వాగా వాగా అనే ఊళ్లో మాంసం కొట్టు పెట్టుకున్న ఒకాయన ‘నేనే’ అన్నాడు. రోజర్ సన్నటి మనిషి, ఈయన 150 కిలోలు దాటాడు. రోజర్ ఫ్రాన్సులో పెరిగినవాడు, ఈయనకు ఫ్రెంచి ముక్క రాదు. తల్లి ఒప్పుకుంది! అప్పటి బారొనెట్టు పసివాడు, వాడి మీద దావా. సివిలు కేసు ఓడాక క్రిమినలు కేసు 188 రోజులు నడిచి, 1874లో 14 ఏళ్ల శిక్ష పడింది. ఆ గోల నడిచే రోజుల్లో బొద్దుగా ఉన్న హ్యారీ రెల్ఫ్ అనే పిల్లాణ్ణి ‘చిన్న టిచ్‌బోర్న్’ అని ఏడిపించేవారు. వాడు పెద్దయ్యాక నాలుగున్నర అడుగుల దగ్గర ఆగిపోయి ‘లిటిల్ టిచ్’ పేరుతో నాటకశాలల్లో వెలిగాడు. అలా ఒక లావాటి మనిషి పేరు పొట్టివాళ్లకు మిగిలింది.

నెల్లూరు మాస్టారు: అసలు ఊరి పేరులోని టిచ్ వేరు. అక్కడ ఇచెన్ అనే నది ఉంది. ‘అట్ ఇచెన్‌బోర్న్’ అనగా అనగా ముందున్న మాటలోని టకారం వచ్చి అతుక్కుంది. సంధి!

కృష్ణ ఒడ్డున: వంశంవాళ్లు చెప్పుకునే కథ అది. ఊరి పేర్లు పరిశోధించినవాళ్లు పాత ఇంగ్లీషులో ‘టిచ్చెన్’ అంటే మేకపిల్ల అంటారు, ‘బోర్న్’ ఏరు. మేకపిల్లల ఏరు. బిరుదున్న ఇంటికి మేకపిల్ల నామోషీ, అందుకే నదిని పట్టుకున్నారు.

నెల్లూరు మాస్టారు: నామోషీ ఎందుకుండాలి? మనకు మేకా వారు జమీందార్లే కదా.

గోదారి పిల్ల: 1968లో పద్నాలుగో బారొనెట్ సర్ ఆంథొనీ పోవడంతో బిరుదే పోయింది, ఆయనకు మిగిలినది కూతుళ్లే. మీరింకా మేకల దగ్గర ఉన్నారు.

పాతపుస్తకాల పురుగు: నా ఏకారం సంగతి ఎవరికైనా గుర్తుందా?

కృష్ణ ఒడ్డున: ఒక్క నిమిషం ఆగండి, బటన్ తేలనివ్వండి. హిందీలోనూ టిచ్ బటన్ అనే అంటారు. నొక్కితే ‘టిచ్’ మంటుంది, ధ్వన్యనుకరణం, అంతే. బారొనెట్లతో పని లేదు.

టైలర్ గారి అబ్బాయి: మా నాన్న ‘స్టిచ్’ నుంచి వచ్చిందంటాడు. కుట్టి బిగించే బటన్ కాబట్టి.

నెల్లూరు మాస్టారు: మాట మొదట్లో అలాంటి జంట హల్లు వస్తే మనవాళ్లు ముందు ఇకారం చేరుస్తారు, ఇస్కూలు లాగా. ఇస్టిచ్ కావాలి.

టైలర్ గారి అబ్బాయి: మరి స్టేషను టేసను ఎలా అయింది మాస్టారూ?

కృష్ణ ఒడ్డున: టేసను పక్కన ఇస్టేషను కూడా ఉంది బాబూ. ‘ఇస్టిచ్’ అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, అప్పుడు మాట్లాడదాం.