అప్‌డేట్: 750 మీటర్లు ఆగకుండా ఈదేశానండి!

మొన్న అడిగా కదా, మాది శ్రీకాకుళం, సైక్లింగ్ రన్నింగ్ ఓకే గానీ ఫ్రీస్టైల్ ఈతలో నాలుగు లెంగ్త్‌లకే (పూల్ ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక లెంగ్త్) ఆయాసం, స్ప్రింట్ ట్రయథ్లాన్‌కి (750 మీటర్ల ఈత, తర్వాత సైకిలు, పరుగు వరసగా ఉండే పోటీ) ఎలాగ అని. నిన్న పొద్దున్న 25 మీటర్ల పూల్‌లో 30 లెంగ్త్‌లు గోడ దగ్గర ఆగకుండా కొట్టేశా! టైమ్ మాత్రం అడక్కండి, పక్క లేన్‌లో చిన్నపిల్లలు నన్ను దాటుకుని పోయారు. మీరు చెప్పిందే పనిచేసింది, ఊపిరి బిగబట్టకుండా మొహం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వదుల్తూ ఉంటే తల తిప్పినప్పుడు పీల్చుకోడానికి టైమ్ దొరుకుతోంది, ఇంకోటేటంటే కాళ్లు తెగ కొట్టడం తగ్గించా, తర్వాత 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు వాటితోనే కదా మరి.

సముద్రంలో ఈత సంగతంటారా, కళింగపట్నం బీచ్ దగ్గరే గానీ వంశధార నది సముద్రంలో కలిసే చోట ఒక్కణ్నే దిగే ధైర్యం లేదు, అమ్మకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వదు. ముందు తలెత్తి దారి చూసుకునే సైటింగ్ పూల్‌లోనే ప్రాక్టీస్ చేస్తా.